పసుపు రాయని గడప

(అవ్వ చెప్తుంది, నేను టైప్ కొడుతున్న. ఆమె ఎట్లంటే గట్లనే కొడుతున్న, మధ్యల తప్పులు వెతికిర్రంటే బ్లాక్ చేస్త. నేనడిగింది ఒక్కటే: "అవ్వా, శ్రావణ శుక్రవారం పూట కూడ మన గడపకు పసుపు ఎందుకు రాయనిస్తలేవు? పొద్దుగాల అమ్మతోని గంత లొల్లి అవసరమా? యూరప్ కెల్లి వచ్చినకాంచి నీకు మస్తు స్టయిల్ ఎక్కింది.")

స్టయిలా? కూసో ఇట్ల. నేను సెప్పేది నువ్వు నమ్మితే నా సెవుల కమ్మలు తీసి నీ సేతుల వెడ్త, పో. నమ్మవు. సూడు, ఇప్పుడే పండ్లిగిలిస్తున్నవు. ముప్పై రెండేండ్లు బోధన్ సర్కారు దవాఖానల నర్సు కొలువు సేసిన, ఎన్ని పీనుగలను కడిగినయో ఈ సేతులు, నేను దయ్యం గియ్యం అని ఉరికే మనిషినా? కాదు గదా. గది యాదిల వెట్టుకోని ఇను. మీ అమ్మకు గూడ సెప్పలే నేను. సెప్తే డాక్టర్ కాడికి పట్కపోతది.

మొదాలు నేను యూరప్‌కు గుంపుల పోయిన, రిటైరైన యేడు. కాదు కాదు, రిటైరైన మల్ల యేడు. హైదరాబాద్ కెల్లి నలభై మందిమి. పన్నెండు దినాలల్ల ఆరు దేశాలు. దిగు, ఫోటో దిగు, ఎక్కు. జెండా వట్టుకోని ఒక పోరడు ముందల, మేం ఎనుక, అంగడికి తోలిన గొర్రెల లెక్క. ఆఖరుకు నాకు యాదికున్నది ఏందంటే బస్సు సీటు రంగు, బాత్రూంల కాడ లైను. పొద్దుగాల ఉప్మా ప్యాకెట్, రాత్రికి ఉప్మా ప్యాకెట్. ఇంటికొచ్చి అనుకున్న, గిది సూసుడు గాదు, ఉరుకుడు. మల్ల పోతే ఒక్కదాన్నే పోవాలె, నిమ్మళంగ పోవాలె. ఏ ఊరు నచ్చితే ఆ ఊర్ల పది దినాలుండాలె, సంతకు పోవాలె, వండుకోవాలె, బట్టలు పిండి ఆరేసుకోవాలె. మీ బాపు లొల్లి వెట్టిండు గదా, "అమ్మా, అరవై ఏడేండ్లకు ఒక్కదానివి ఏడికి పోతవే, తప్పిపోతే?" అని. తప్పిపోతే అడుగుత, నోరు లేదా నాకు అన్న.

గట్ల పోయిన దసరా ఎల్లినంక పోయిన. ఒక్క సూట్‌కేసు. చింతపండు, కారం, మన నిజామాబాద్ గంజ్ల కొమ్ములు కొని పట్టిచ్చిన పసుపు. ఎయిర్‌పోర్టుల పోలీసోడు పసుపు డబ్బా మూత తీసి గట్టిగ వాసన సూసి తుమ్మిండు, మూతి మీసాలన్ని పచ్చగైనయి. పక్కకున్నోళ్లంత నవ్విర్రు. ఆడొక్కడే నవ్వలే.

ఒక ముచ్చట సెప్త. ముసలి ఆడిదాన్ని ఆ దేశంల ఎవ్వలు సూడరు. మనకాడైతే "ఏడికి పెద్దమ్మా, ఎవ్వలింటికి" అని పదిమంది అడుగుతరు. ఆడ బెంచి మీద కూసుంటే పక్కపొంటనే కూసోని పోరగాండ్లు ముద్దులు వెట్టుకుంటరు, నేను లేనట్టే. దుకాన్ల నిలవడితే నా ఎనుకున్నోనికి ముందు ఇస్తరు. మొదాలు కోపమచ్చింది. మల్ల అలవాటైంది. గోడపొంటి సప్పుడు లేకుంట నడుసుడు, అందర్ని సూసుడు. గట్ల నడిసేటోళ్లు ఇంకా ఉన్నరని నాకప్పుడు ఎరుక లేదు. ఆగు, ఆడికే వస్తున్న.

ఫ్రాన్సు దేశం, పైదిక్కు. సిన్న రైలు, ప్రతి స్టేషన్ల ఆగుతది, మన బోధన్ ప్యాసింజర్ తీరుగ. నేను ఇంకేదో ఊరికి పోవాలె ఆ దినం. ఒక స్టేషన్ల తలుపు తెరుసుకున్నది. తెరుసుకునుడుతోనే వాసన మొకం మీద కొట్టింది బిడ్డా. మన బోధన్ సక్కెర ఫ్యాక్టరీ వాసన! నీకు యాదుండది, నువ్వు లాగు తడుపుకునేటప్పుడే బందయింది అది. ఉడికిన బెల్లం, తడిసిన పిప్పి, మొలాసిస్ మడ్డి, మూడు కలిస్తే వచ్చే వాసన. గాలి ఇటు మర్రిన్నాడు మన ఊర్ల అన్నం గిన్నెలకు గూడ గదే వాసన. మీ తాత అంగీల కెల్లి, ఎంటికలల్ల కెల్లి గూడ గదే. సెరుకు పాలు ఉడికే కాడ కొలువు గదా ఆయనది.

(నేను: గంగారాం తాతనా?)

ఆఁ, ఆయనే. నువ్వంటే అను, నా నోట రాదు. పెండ్లైనకాంచి ముప్పై ఎనిమిదేండ్లల్ల ఆయన పేరు ఒక్కసారి తియ్యలే నేను. రేషన్ కార్డు రాసేటోడు మొగని పేరేంది అంటే పక్కింటి ఫాతిమాబీని సెప్పుమన్న. ఆమె నవ్వుకుంట సెప్పింది. ఇంట్ల పిలువాలంటే "ఇగో, ఇంటున్నవా". గదే పేరు. ఆయన గూడ గా మాటకే పలికేటోడు, అంగట్ల పది మంది ఆడోళ్లు "ఇగో" అన్నా నా "ఇగో" గుర్తువట్టేటోడు. నవ్వకు. గీ పేరు ముచ్చట యాదుంచుకో, తర్వాత పనికొస్తది.

ఏడున్న? ఆఁ, వాసన. వాసన రాంగనే నేను సూట్‌కేసు గుంజుకోని దిగిన. రైలు ఎల్లిపోయింది. ఎందుకు దిగిన అంటే ఏం సెప్త, కాళ్లు దిగినయి. సూస్తే ఆళ్లకు సెరుకు లేదు, బీట్‌రూట్ తీరుగ తెల్ల గడ్డ, దానికెల్లి సక్కెర తీస్తరు. తొవ్వ పొడుగు గడ్డల కుప్పలు. ట్రాక్టర్లు లైను కట్టినయి, మనకాడ సెరుకు బండ్లు కట్టేది సూడు, గట్లనే. నాలుగు గొట్టంగ సైరన్ కూసింది. షిఫ్టు దిగే సైరన్. నాకు ఒళ్లంత జిల్లుమన్నది. పన్నెండేండ్లైంది నేను నాలుగు గంటల సైరన్ ఇనక.

ఆడ ఒక ముసలామె ఇంట్ల అర్ర దొరికింది. మదాం అంటరు ఆడ, నేను గూడ మదాం అనే పిలిసిన. ఎనభై దాటినయి. సన్నగ, నిక్కి నిలవడే మనిషి. ఆమె మొగడు గూడ గా సక్కెర ఫ్యాక్టరీలనే సేసిండట, గోడకు ఫోటో, మోకాళ్ల దాంక బూట్లు. మాకు భాష లేదు. నా ఫోన్ల ఆమె ఆళ్ల భాషల మాట్లాడితే, ఫోను తెలుగుల సెప్తది. మన తెలుగు గాదు, వార్తలు సదివినట్టు. "మీకు సూప్ ఇష్టమా? దయచేసి కూర్చోండి." నేను పప్పుచారు వండితే రెండు గిన్నెలు తాగింది, ముక్కుల నీళ్లు కారంగ.

ఇగ ఇను. రోజు నాలుగు గంటలకు సైరన్ కూస్తది. కూయంగనే మదాం లేసి ముంగట తలుపు జానెడు తెరుస్తది. వాకిలి గీకిలి లేదు ఆడ, గడప దాటితే సీదా రోడ్డు. గిన్నెల సూప్ వోసి బల్ల మీద, ఆమె కుర్సీకి ఎదురుంగ వెడ్తది. పిల్లి గిల్లి ఉన్నదేమో అనుకున్న. జరసేపటికి బరువు బూట్ల సప్పుడు, టక్ టక్ అని నడవల. నేను నా అర్రల పండుకోని ఇనేది. ఇంకెవ్వలో కిరాయికుంటున్నరేమో అనుకున్న. ఎనిమిది దినాలు గట్ల ఇన్న. ఒక్కనాడు గూడ మనిషిని సూడలే.

తొమ్మిదో నాడు శుక్రవారం. పొద్దుగాల తానం జేసిన, మంచిగనిపిచ్చింది, ఇన్ని దినాలు నన్ను కడుపుల వెట్టుకున్న ఇల్లు, ఊకె ఎట్లుంట అని గడప రాయి కడిగి, నిండ పసుపు రాసి, కుంకుమ బొట్లు వెట్టిన. మదాం సూసి సేతులు సరిసి మురిసింది. తొవ్వొంట పోయేటోళ్లు ఆగి ఫోటో దిగిర్రు.

ఆనాడు నాలుగు గంటలకు సైరన్ కూసింది. తలుపు తెరిసింది. సూప్ వెట్టింది. బూట్ల సప్పుడు రాలే.

మల్లనాడు రాలే. మూడో నాడు రాలే. మదాం సూప్ గిన్నె ముందల వెట్టుకోని సీకటి వడే దాంక కూసున్నది. అన్నం ముట్టలే. అన్నమేడిది, రొట్టె. రొట్టె ముట్టలే. నాలుగో నాడు పొద్దుగాల నా ఫోను అడిగి తీసుకున్నది. ఏదో అన్నది. ఫోను సెప్పింది, "నా భర్త నాలుగు గంటలకు వస్తారు. మూడు రోజులుగా రాలేదు. మీరు తలుపు వద్ద ఏమి పూశారు?"

నేను ఫోటో దిక్కు సూసిన. ఈయన ఉన్నడా అని అడిగిన. ఆమె తల అడ్డం ఊపి ఏదో అన్నది, ఫోను సెప్పింది, "లేరు. చనిపోయి పంతొమ్మిది సంవత్సరాలు అయింది."

నేను గడప దిక్కు మర్రి సూసిన బిడ్డా. భయంతోని గాదు. గడపకు పసుపు ఎందుకు రాస్తం మనం? లచ్చిమి రావాలెనని. రావద్దన్నది ఆడనే ఆగాలెనని. పాపం ఆ ముసలామెకు పొద్దు పొడిసేదే ఆ నాలుగు గంటల కోసం, నేను పొయ్యి పొయ్యి ఆమె మొగనికి గడప కాడ అడ్డం గీసిన!

ఉరికిన. ఉడుకు నీళ్లు, సబ్బు, బ్రెష్షు. నిజామాబాద్ పసుపు, పోతదా? ఎంత రుద్దినా రాయిల పచ్చగ దిగింది. సేతులు వాసినయి. నాలుగైంది, సైరన్ కూసింది. మదాం గడప కాడ నిలవడి పిలిసింది, పేరు వెట్టి, ఆళ్లకు మొగని పేరు పిలుసుడు తప్పు లేదు. ఎవ్వలు రాలే. బయట మంచు, ఎదురింటి గోడ గూడ కనవడ్తలే. ఆమె మూడుసార్లు పిలిసి, తల గోడకు ఆనిచ్చి నిలవడ్డది.

తప్పు నాది, పిలిసే బాకి నాదనిపిచ్చింది. ముందటికి వోయి నేను పిలిసిన. ఆయన పేరు నాకు నోరు తిరగది. తిరిగినా గూడ, పరాయి మొగన్ని పేరు వెట్టి పిలుస్తమా? అలవాటు నోరు. "ఇగో, ఇంటున్నవా. గడప కడిగిన. ఎవ్వలు ఏమనరు. లోపటికి రా" అన్న.

సమజైందా నేనేం సేసిన్నో?

మల్ల మంచులకెల్లి సైకిల్ స్టాండు ఏసిన సప్పుడు. కిర్రు, టక్. మల్ల సెప్పులు. రెండు సెప్పులు ఒకదానికొకటి కొట్టిన సప్పుడు, ఒకటి, రెండు, పిప్పి పొట్టు దులిపినట్టు. ఆటెనుక దగ్గు. సిన్న దగ్గు, "నేనొచ్చిన" అన్నట్టు. మడ్డి వాసన నా పక్కకెల్లి, నా సీర కొంగుకు తాకుకుంట లోపటికి వోయింది. ముప్పై ఎనిమిదేండ్లు ఇన్న దగ్గు బిడ్డా. పొరపాటు వడ్తనా?

మదాం బల్ల కాడ కుర్సీ దిక్కు సూసింది. గడప దిక్కు సూసింది. మల్ల ఫోను తీసుకోని మెల్లగ ఏదో అన్నది. ఫోను సెప్పింది, వార్తలు సదివినట్టు, "ఇతను నా భర్త కాదు. ఇతను పాదరక్షలు బయట విప్పాడు."

(నేను: అవ్వా, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నయ్, ఆగు జర.)

ఆగుడేంది, అడిగితివి, ఇను. మీ తాత ఎట్ల సచ్చిపోయిండో నీకు సగమే సెప్పిర్రు. నా కండ్లద్దాలు తేనీకి నిజామాబాద్ పోయిండు. ఇగో, గివే అద్దాలు. పొద్దుగాల "పోయొస్త" అన్నడు. బస్టాండ్ల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు, అద్దాల డబ్బా అంగీ జేబుల. తెచ్చిర్రు. తెచ్చినంక మీ పెద్దతాత గడప కాడ సేతులడ్డం వెట్టిండు. బయట పోయిన పానం, గడప దాటియ్యొద్దు, ఇంటికి అరిష్టం అని. వాకిట్ల టెంటు కింద పండవెట్టిర్రు. బావా, ఒక్కసారి, ఒక్క నిమిషం లోపట పండవెట్టుర్రి, ఆయన కట్టిన ఇల్లు గదా అని కాళ్లు వట్టుకున్న. ఇనలే. వాన జల్లు కొడ్తుండె. గట్లనే ఎత్తుకపోయిర్రు. "పోయొస్త" అన్న మనిషి రానే రాలే లోపటికి. ఆటెనుక పన్నెండేండ్లు నేనేం జేసిన? ప్రతి శుక్రవారం గదే గడపకు నిండ పసుపు రాసిన. నా సేతులతోని నేనే.

పన్నెండేండ్లకు ఆయన ఒక గడప దాటిండు. ఎవ్వలదో గడప. ఎవ్వలదో సూప్.

నాలుగు దినాలు వచ్చిండు మల్ల. సైరన్ కూయంగనే సైకిలు, సెప్పులు, దగ్గు. నేను ఎదురుంగ కూసునేదాన్ని. ఇంటి ముచ్చట్లు సెప్పిన, నీ పదో తరగతి మార్కులు సెప్పిన. గని ఆమె మొగడు రాలే. ఒక్క కుర్సీ గదా. మదాం కోపం జెయ్యలే, అది ఇంక బాధ. నాలుగో నాడు ఫోన్ల సెప్పిచ్చింది, "దయచేసి మీ భర్తను మీ ఇంటికి తీసుకువెళ్లండి. పేరు పెట్టి పిలవండి, వెంట వస్తాడు." పేరు వెట్టి పిలువాలెనంట! నోరు తెరిసిన. పెదువులు కదిలినయి, సప్పుడు రాలే. సిగ్గు. గా వయసుకు, గాయన సచ్చిపోయినంక గూడ, సిగ్గు. ఆఖరుకు సూట్‌కేసు వట్టుకోని గడప దాటిన. "పోయొస్త" అని నోటి దాంక వచ్చింది, నాలుక కర్సుకున్న. "ఇగో, పద" అన్న.

ఆయన నిజామాబాద్ దాటి ఎరుగడు. దౌడు తీసే రైలు ఎక్కితే ఆగమైతడని అన్ని సిన్న రైళ్లే ఎక్కిన. ఇమానం ఎక్కే ఊరి దాంక పది దినాలు వట్టింది. ప్రతి స్టేషన్ల "దిగాలె" అంటి, "ఎక్కాలె, మెట్టు ఎత్తుంది సూసుకో" అంటి. అప్పుడు సూసిర్రు నన్ను అందరు! ఒక్కతే మాట్లాడుకునే ముసలిదాన్ని బరాబర్ సూస్తరు. మడ్డి వాసన ఎనుక వస్తనే ఉండె. ఇమానం కాడనే భయమైంది. గంత దౌడు, గంత ఎత్తు. ఎక్కినంక వాసన లేదు. హైదరాబాద్ల దిగినంక లేదు. ఇంటికొచ్చినంక లేదు. మీ అమ్మ నా కోసం అని గడపకు నిండ పసుపు రాసి వెట్టింది, నేను దిగంగనే సూట్‌కేసు గూడ లోపట వెట్టకుంట అది కడిగిన. మీ అమ్మ ఏడ్సింది గదా ఆనాడు, యాదికున్నదా? గందుకే.

నేను ఇంటికొచ్చినంక మదాం ఒక్కసారి ఫోన్ల రాసి పంపింది. "నా భర్త వచ్చారు. మీవారు బయలుదేరారు." గంతే.

ఎనిమిది నెలలైంది. రోజు నాలుగింటికి ముంగట తలుపు తెరిసి కూసుంటున్న, సూస్తనే ఉన్నరు మీరు, ముసల్దానికి గాలి కావాలె అనుకుంటున్నరు. తొవ్వల ఏడనో ఉన్నడు. నిమ్మళంగ వచ్చుడు నేనే నేర్పిన గదా. నడిసి వస్తుండో, ఏ సిన్న రైలెక్కిండో.

మొన్న సోమవారం వాసన వచ్చింది. ఫ్యాక్టరీల గడ్డి మొలిసి ఎన్నేండ్లాయె, ఏడికెల్లి వస్తది సెప్పు వాసన? బుధవారం గేటు కాడ సైకిల్ స్టాండు ఏసిన సప్పుడు, పోయి సూస్తే ఏం లేదు. నిన్న మెట్టు మీద సెప్పులు కొట్టుకున్నడు. ఒకటి, రెండు. దగ్గిండు. గడప మిగిలింది బిడ్డా, ఒక్క గడప. గందుకే పొద్దుగాల మీ అమ్మ సేతుల కెల్లి పసుపు గిన్నె గుంజుకున్న. మల్ల శుక్రవారం రాసుకోమను, యేడాది పొడుగు రాసుకోమను. ఇయ్యాల వద్దు. ఇయ్యాల ఒక్క… టైమెంతైందే?

(నేను: నాలుగుకు రెండు నిమిషాలు.)

అవ్వో! నీ ముచ్చట్ల వడి గీ ఎనుక అర్రల కూసున్న సూడు. లే, సెయ్యి ఇయ్యి. మోకాళ్లు వట్టినయి. ముంగట తలుపు తెరిసి…

(అమ్మ ముంగట కెల్లి ఒర్రింది: "అత్తమ్మా! ఓ అత్తమ్మా! పేరంటానికి ఆడోళ్లు వచ్చే యాళ్లైంది, ఇగ ఆగలేక గడపకు పసుపు నేనే రాసేసిన. జర వచ్చి బొట్లు వెట్టుర్రి!")

ఏందీ? ఏ గడపకే? ముంగట దానికా? నీళ్లు, బిడ్డా, నీళ్లు తే, సెంబు, బకీటు ఏదైతేంది, ఉరుకు, జరుగు నువ్వు, జరుగు, గంగారాం! ఓ గంగారాం! ఆగు, మర్రకు, కడుగుతున్న, గంగా…